నలుగురూ కలిసి చేసే పండుగ – మూడో పాఠం: ఏ పని ఎవరిది?

పోయిన పాఠంలో మీ ఊళ్లో ఉన్న సంఘాల జాబితా రాసుకున్నారు. గుడి అన్నదాన బృందం, దర్గా కమిటీ, చర్చి యువత, డ్వాక్రా మహిళలు, కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు, ఆటో యూనియన్... అందరూ అందులో ఉన్నారనే అనుకుంటున్నాను. ఈ పాఠంలో వాళ్లకు పని పంచడం నేర్చుకుందాం. గాల్లో మాట్లాడుకుంటే అర్థం కాదు కాబట్టి నెల్లూరు రొట్టెల పండుగను ఉదాహరణగా పెట్టుకుందాం.

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర అయిదు రోజులు జరిగే పండుగ ఇది. కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంకా విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు విదేశీ రొట్టె. ఈ ఏడాది పుచ్చుకున్నవాళ్లు, కోరిక తీరాక ఇచ్చేవాళ్లుగా మళ్లీ వస్తారు. ఇచ్చేవాళ్లది ఏ మతం, తీసుకునేవాళ్లది ఏ మతం అని అక్కడ ఎవరూ అడగరు. 2015లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు.

బారికేడ్లు, కరెంటు, బందోబస్తు లాంటి పెద్ద పనులు కార్పొరేషన్, పోలీసులు చూసుకుంటారు. సంఘాలకు మిగిలేవి ఎవరి ఖాతాలోనూ పడని చిన్న పనులు. పండుగ బాగా జరిగిందా లేదా అని జనం చెప్పుకునేది వీటిని బట్టే.

మొదట గీత గీయండి. గంధం, ఫాతిహా (దర్గాలో చేసే ప్రార్థన), దర్గా లోపలి ఆచారాలు దర్గా పెద్దలవి. వాటిలో మిగతా సంఘాలు సలహాలు కూడా ఇవ్వకూడదు. సేవ మాత్రం అందరిదీ. నీళ్లు పోయడానికి, దారి చూపడానికి, తప్పిపోయిన పిల్లవాణ్ని తల్లికి అప్పగించడానికి మతం అడ్డం రాదు. అయితే ఈ గీత అన్ని చోట్లా ఒకేలా ఉండదు. తెలంగాణలో చాలా ఊళ్లలో పీర్ల పండుగకు పీర్లను ఎత్తుకునేది, నిప్పుల గుండం తొక్కేది హిందువులే. అక్కడికెళ్లి ‘మీరు సేవకే పరిమితం కండి’ అంటే నవ్విపోతారు. కాబట్టి ఆ ఊరి ఆనవాయితీ ఏమిటో ముందు పెద్దలను అడిగి తెలుసుకోండి, గీత ఆ తర్వాత.

ఒక పనికి ఒక సంఘం. ‘అందరం కలిసి చూసుకుందాం’ అనుకున్న పనిని చివరికి ఎవరూ చూడరు. కాగితం మీద రాసే తీరు కూడా ముఖ్యమే. ‘మంచినీళ్లు – అన్నదాన బృందం’ అని రాస్తే సరిపోదు. ఇలా రాయండి:

‘ఘాట్ మెట్ల దగ్గర, బస్సులు ఆగే చోట మంచినీళ్లు. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. బాధ్యత: అన్నదాన బృందం. డ్రమ్ములు వాళ్లవి, ట్యాంకర్ కార్పొరేషన్‌ది. ట్యాంకర్ ఆలస్యమైతే ఫోన్ చేయాల్సింది బృందం కార్యదర్శి. ఆయన లేకపోతే ఫలానా వ్యక్తి.’

ఆ చివరి వాక్యమే ప్రాణం. అది రాయకపోతే మిట్టమధ్యాహ్నం డ్రమ్ము ఖాళీ అయ్యాక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

పని ఎవరికి తగునో కూడా చూడాలి. ఆడవాళ్లు తడిబట్టలతో ఒడ్డుకొస్తారు కాబట్టి బట్టలు మార్చుకునే గదుల దగ్గర మహిళా సంఘం వాళ్లే ఉండాలి. నీళ్లలో పడ్డ రొట్టె ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు తీయడం ఎన్ఎస్ఎస్ పిల్లలకు ఇవ్వొచ్చు, కానీ లోతు ఉన్న చోటికి వాళ్లను పంపకండి, అది గజ ఈతగాళ్ల పని. మైకు దగ్గర తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం వచ్చినవాళ్లు వంతులవారీగా కూర్చోవాలి. తమిళం తప్ప ఏదీ రాని అవ్వ తప్పిపోతే తెలుగులో ఎంత అరిచినా లాభం లేదు.

భోజనం శాకాహారమే పెట్టండి. అన్ని మతాలవాళ్లూ టెన్షన్ లేకుండా తింటారు.

ఫ్లెక్సీ సంగతి. నవ్వకండి, పొత్తులు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఎవరి పేరు పైన, ఎవరి ఫొటో పెద్దది అన్న గొడవ పండుగ అయిపోయాక కూడా మిగిలిపోతుంది. నా మాట వింటే అసలు ఫొటోలే వద్దు. సంఘాల పేర్లన్నీ అకారాది క్రమంలో, ఒకే సైజు అక్షరాల్లో వేయండి. ఈ నిర్ణయం మొదటి సమావేశంలోనే అయిపోవాలి, చందాలు వచ్చాక కుదరదు.

డబ్బు. వీలైతే డబ్బు ఒకచోట కలపకండి. ఎవరి పనికి వాళ్లే ఖర్చు పెట్టుకుని, లెక్క మాత్రం అందరికీ చూపిస్తే చాలు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపుతామంటే ఒక్క ప్రశ్న అడగండి: పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పౌరులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే అవుతుంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి లేని సంఘం అలాంటి డబ్బు తీసుకోకూడదు.

తేదీ. చాంద్రమానం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై 17న మొదలైన పండుగ 2025లో జులై 6నే వచ్చింది. ఇలా జరుగుతూ కొన్నేళ్లలో నడి ఎండాకాలానికి చేరుతుంది. అప్పుడు ఇప్పటి నీళ్ల లెక్క, నీడ లెక్క పనికిరావు. నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ కావచ్చు కాబట్టి షామియానా, వంటవాళ్లతో ఆ మాట ముందే అనుకోండి. సమావేశాలు కూడా శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం పెట్టొద్దు. స్కూలు గదో, కమ్యూనిటీ హాలో అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఈ వారం అభ్యాసం. మీ ఊళ్లో అందరూ కలిసి చేసుకునే పండుగ ఒకటి తీసుకోండి. ఉరుసు కావచ్చు, జాతర కావచ్చు. ఎవరి ఖాతాలోనూ లేని అయిదు పనులు రాయండి. ఒక్కోదాన్ని పైన మంచినీళ్ల గురించి రాసినట్టు పూర్తిగా రాసి, ఆ సంఘం వాళ్లకే చదివి వినిపించండి. ‘ఇది మావల్ల కాదు’ అంటే బతిమాలొద్దు, ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. అయిదింటికీ ‘సరే’ అనిపించుకున్నాక నాలుగో పాఠానికి రండి. పండుగ నడుస్తుండగా పుకారు పుడితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలన్నది అందులో చూద్దాం.