అమ్మానాన్నల దగ్గర కొన్నాళ్లు ఉన్నప్పుడు ఒళ్లు కాపాడుకోవడం

అమ్మానాన్నల దగ్గర కొన్ని నెలలు ఉంటే బరువు పెరిగేది ఎక్కువగా మారు వడ్డనతోనే. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. ఆలోపే గరిటె మళ్లీ కంచం మీదికి వచ్చేస్తుంది. అందుకే ముందుగా సగం కంచం కూరగాయలతో నింపుకోండి. పావు వంతు ప్రొటీన్, మిగతా పావు పిండి పదార్థాలు. "వద్దు" అంటే నొచ్చుకుంటారు. "కాసేపాగి పెట్టించుకుంటానమ్మా" అంటే గొడవుండదు. చాలాసార్లు ఆ కాసేపటికి ఆకలే ఉండదు. డైటింగ్ అనే మాట మాత్రం ఎత్తకండి, ఉపన్యాసం మొదలవుతుంది! వారానికి రెండు మూడు పూటలు వంట మీరే అందుకుంటే నూనె, ఉప్పు మీ అదుపులో ఉంటాయి.

జిమ్ అక్కర్లేదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని చాలు. చాప పరిచేంత చోటులో 12 స్క్వాట్లు (కుర్చీలో కూర్చున్నట్టు వంగి లేవడం), గోడకు చేతులు ఆనించి 10 పుషప్‌లు, 20 సెకన్ల ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం). నిమిషం ఆగి, మొత్తం మూడుసార్లు. స్క్వాట్‌లో మడమలు పైకి లేస్తుంటే పాదాలు కాస్త ఎడంగా పెట్టి, తక్కువ లోతుకే వంగండి. ఇంట్లోవాళ్లు లేవకముందే ముగించండి, తర్వాతైతే ఏదో ఒక పని పురమాయిస్తారు. రాత్రి టీవీ మోతకు నిద్ర పట్టకపోతే ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి.