ఐటీ రిటర్న్: మనమే వేసుకోవాలా, ఆడిటర్‌కి ఇవ్వాలా?

టెక్కలి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో జీతాల బిల్లులు చేసేది నేనే. ఫారం 16 (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపే కాగితం) చేతికి రాగానే మేస్టార్లు అడిగేది ఒకటే: "ఏటి బాబూ, రిటర్ను మనవే వేసీవొచ్చా, సికాకుళం వెళ్లి ఆడిటర్‌కి ఇచ్చీమంటావా?"

ముందు ఒక సంగతి. ఫిబ్రవరిలో ఎక్సెల్ షీట్‌లో లెక్కకట్టి డీడీఓకి (జీతాలు డ్రా చేసే అధికారికి) ఇచ్చే కాగితాలు రిటర్న్ కాదు. జీతంలోంచి ఎంత పన్ను కోయాలో తేల్చడానికే అవి. రిటర్న్ మీ పాన్‌తో ఇన్‌కంట్యాక్స్ పోర్టల్లో వేసేది. జీతగాళ్లకి మామూలుగా జులై 31 గడువు. దాటితే లేటు ఫీజు 5,000 రూపాయలు, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000.

ఇక అసలు ప్రశ్న. పోర్టల్లోకి వెళ్లి ఏఐఎస్ (ఏడాదిలో మీ పాన్ మీద నమోదైన లావాదేవీల చిట్టా) దించుకోండి. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ మీ పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంటే పుట్టిన తేదీ ఎనిమిది అంకెలు. జీతం, బ్యాంకు వడ్డీ, షేర్లు, స్థలం అమ్మకం అన్నీ అందులో కనిపిస్తాయి. ఒక్కో లైనూ చదవండి. ప్రతిదానికీ "ఇది ఫలానాది" అని చెప్పగలిగితే మీరే వేసుకోండి. ఏదో ఒక లైను దగ్గర నోరు పెగలకపోతే ఆడిటర్ దగ్గరికి బయల్దేరండి.

జీతం, సొంతిల్లు, ఎఫ్‌డీ వడ్డీ మాత్రమే ఉంటే ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం చాలు. పోర్టల్ చాలావరకు ముందే నింపి పెడుతుంది, పైసా ఖర్చు లేదు. డబ్బులు కట్టే యాప్‌లు ఈ మాత్రానికి దండగ. మినహాయింపులు చాలావరకు లేని కొత్త పన్ను విధానంలో 2025-26 ఆదాయానికైతే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12.75 లక్షల జీతం వరకు పన్నే లేదు. ఏపీజీఎల్‌ఐ (ఉద్యోగుల సర్కారు బీమా), ఎల్‌ఐసీ రసీదులు వెతుక్కోనక్కర్లేదు. ఆ రసీదులకి మినహాయింపు ఇచ్చే పాత విధానమే లాభం అనుకునేవాళ్లు మాత్రం గడువులోపే వేయాలి. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు ఉన్న మేస్టార్లు మనలో తక్కువేం కాదు. "వ్యవసాయానికి పన్ను లేదు కదా" అని వదిలేస్తారు. పన్ను లేకపోయినా, ఏడాదికి 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2లో చూపించాలి. పంట అమ్మిన చీటీలు దగ్గరుంటే ఇదీ మీరే చేసుకోవచ్చు.

కాస్త చిక్కు బకాయిల దగ్గరే. పాత ఏళ్ల డీఏ, పీఆర్సీ బకాయిలు ఒకేసారి వచ్చి పన్ను పెరిగితే, సెక్షన్ 89 కింద ఊరట ఉంది. కానీ రిటర్న్‌కి ముందే ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో పెట్టాలి. అది పెట్టకుండా రిటర్న్‌లో ఊరట చూపిస్తే డిపార్ట్‌మెంటు కొట్టేస్తుంది. ఏ సంవత్సరానికి ఎంత బకాయో విడగొట్టిన లెక్క కావాలి, అది మా బిల్లుల్లో ఉంటుంది. ముందు మా దగ్గర రాయించుకోండి. అది లేకుండా వెళ్తే ఎంత పెద్ద ఆడిటరైనా చేసేదేమీ లేదు. మూడు నాలుగేళ్లవి కలిసుంటే మాత్రం ఫీజు ఇచ్చి చేయించుకోవడమే నయం.

జీతంలో పన్ను కోసినా 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్ను చిట్టాలో) పడలేదా? దానికి యాప్ మందు కాదు, ఆడిటర్ మందు కాదు. జీతాల్లో కోసిన పన్నుకి మూడు నెలలకోసారి ఆఫీసు వేసే 24క్యూ లెక్క మా వైపు ఆగి ఉంటుంది, లేదా అందులో మీ పాన్ తప్పు పడి ఉంటుంది. డీడీఓని పట్టుకోండి. మొహమాటపడకండి, మీ డబ్బే.

కొడుకు మీ డీమ్యాట్‌లో ఆప్షన్లు ఆడాడంటే అది వ్యాపార ఆదాయం, ఐటీఆర్-3. శ్రీకాకుళంలో పాత స్థలం అమ్మారంటే, 2024 జులై 23కి ముందు కొన్నదైతే ఇండెక్సేషన్ (కొన్న ధరని ధరల పెరుగుదల మేరకు పెంచి లెక్కకట్టడం) లేకుండా 12.5 శాతమా, ఉండి 20 శాతమా, ఏది తక్కువో చూడాలి. ఈ రెండూ ఆడిటర్ పనే. బేరం ఆడకండి.

రీఫండ్‌లో ఇంత శాతం ఇస్తే చాలనే ఏజెంట్లు వేరే జాతి. లేని విరాళాలు, లేని ఇంటద్దె రాసేసి రీఫండ్ తెప్పిస్తారు. 2025 జులైలో ఇలాంటివాళ్ల మీదే డిపార్ట్‌మెంటు దేశమంతా సోదాలు చేసింది. దొరికితే ఎగ్గొట్టిన పన్నుకి రెట్టింపు జరిమానా, అదీ మీకే, ఏజెంటుకి కాదు. ఫీజు ముందే ఒక అంకెగా మాట్లాడుకోండి. పోర్టల్లో ఫోన్ నంబరూ, ఈమెయిలూ మీవే ఉండాలి. వాళ్లవి పెడితే నోటీసు వాళ్లకెళ్తుంది.

పనయ్యాక లెక్క కాగితం, ఐటీఆర్-వీ (రిటర్న్ వేసినట్టు రసీదు) అడిగి తీసుకుని పాస్‌వర్డ్ మార్చేయండి. 30 రోజుల్లో ఇ-వెరిఫై చేయండి, అంటే ఆధార్ ఓటీపీ లాంటిదాంతో రిటర్న్ మీదేనని ఖాయం చేయడం. 30 రోజులు దాటితే వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క, అసలు చేయకపోతే వేసిన రిటర్న్ చెల్లదు. ఆధార్‌కి పాత సిమ్ నంబరే ఉన్నవాళ్లు జూన్‌లోనే ఆధార్ సెంటర్‌కి వెళ్లి మార్పించుకోండి. జులై ఆఖర్లో ఓటీపీ రాలేదని నాకు ఫోన్ చేస్తే నేనేం చెయ్యను?