మూలకాల వరుసలు – 5వ పాఠం: ముందు నిండేది 4ఎస్, ముందు ఖాళీ అయ్యేదీ 4ఎస్

పరమాణువులోని 4ఎస్, 3డి వంటి ఉపకర్పరాల్లో (కర్పరంలోని భాగాలివి, ముందున్న అంకె కర్పరం సంఖ్య) ఎలక్ట్రాన్లు నింపడం గత పాఠంతో దాదాపు అందరికీ వచ్చింది. తీసేటప్పుడే తడబడ్డారు. మాంగనీస్ 2+ అయాన్ (రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువు) విన్యాసం, అంటే ఎలక్ట్రాన్ల అమరిక, రాయమంటే చాలామంది 3డిలో 3, 4ఎస్‌లో 2 అని రాశారు. చివర నింపిందే ముందు పోతుందనుకోవడం వల్ల వచ్చిన తప్పు ఇది. ఇది సరిదిద్దుకోకుండా తరవాతి గ్రూపులకు వెళ్లలేం. హుండ్ నియమం (ఒక ఉపకర్పరంలోని గడుల్లో ముందు ఒక్కొక్కటిగా నింపి, తరవాతే జతకూర్చడం) మళ్లీ వివరించడం లేదు.

పొటాషియం, కాల్షియంలలో 4ఎస్ శక్తి 3డి కంటే తక్కువ, అందుకే అది ముందు నిండింది. అయితే ఈ శక్తిస్థాయిలు అన్ని మూలకాల్లోనూ ఒకేలా ఉండవు. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ 3డి లోపలికి కుంచించుకుపోయి, స్కాండియం నుంచి 4ఎస్ కన్నా దిగువకు చేరుతుంది. 4ఎస్ వెలుపల మిగులుతుంది. వెలుపలివే ముందు పోతాయి.

నింపే క్రమం ఏదైనా, రాసేటప్పుడు కర్పరం సంఖ్య ప్రకారం రాయండి: 3డి ముందు, 4ఎస్ తరవాత. అయాన్ కావాలంటే కుడి చివర నుంచి చెరపండి. నాకు ఈ పద్ధతే ఇష్టం, ఇందులో పొరపాటుకు చోటుండదు.

మాంగనీస్‌నే చూడండి. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది ముఖ్యంగా ఈ ఖనిజం ఎగుమతికే. పరమాణు సంఖ్య 25: ఆర్గాన్ వరకు 18, 3డిలో 5, 4ఎస్‌లో 2. రెండు చెరిపితే 3డిలో 5 మిగులుతాయి, ఐదూ జతకూడనివే. తప్పు పద్ధతిలో జతకూడనివి 3 మాత్రమే. ఏది నిజమో అయస్కాంత భ్రామకం (అయస్కాంత బలాన్ని చెప్పే కొలత, దీని ప్రమాణం బోర్ మాగ్నెటాన్) తేలుస్తుంది: జతకూడని ఎలక్ట్రాన్ల సంఖ్యను దానికి 2 కలిపిన సంఖ్యతో గుణించి వర్గమూలం తీయండి. ఐదుకు 5.92, మూడుకు 3.87 బోర్ మాగ్నెటాన్లు. మాంగనీస్ సల్ఫేట్‌లో కొలిస్తే వచ్చేది 5.9 దగ్గర.

ఇనుము దగ్గర జాగ్రత్త. ఇనుము 2+లో సరైన విన్యాసం 3డిలో 6, తప్పుది 3డిలో 4, 4ఎస్‌లో 2. రెండింట్లోనూ జతకూడనివి నాలుగే! జవాబు సరిపోయింది కదా అని పద్ధతీ సరైనదే అనుకుంటారు. 3+కి వెళ్లగానే తప్పు బయటపడుతుంది: సరైనది 5, తప్పుది 3.

ఇప్పుడు అసలు వరుస కనబడుతుంది. 4ఎస్, 3డి ఎలక్ట్రాన్లు కలిపితే స్కాండియంకు 3, టైటానియంకు 4, వనేడియంకు 5, క్రోమియంకు 6, మాంగనీస్‌కు 7. వాటి గరిష్ఠ ఆక్సీకరణ స్థితులూ (సమ్మేళనంలో పోగొట్టుకున్నట్టు లెక్కగట్టే ఎలక్ట్రాన్ల సంఖ్య) అవే. భీమిలి తీరపు నల్ల ఇసుకలోని ఇల్మనైట్ అనే ఖనిజంలో టైటానియం 4+, పొటాషియం పర్మాంగనేట్‌లో మాంగనీస్ 7+. మాంగనీస్ దాటాక 3డిలో జతలు పడతాయి, కేంద్రకం పట్టు బిగుస్తుంది, గరిష్ఠం తగ్గుతూ వస్తుంది. జింక్‌లో 3డి పది నిండి కదలదు, ఇక మిగిలింది 2+ ఒక్కటే.

అభ్యాసం: 22 నుంచి 30 వరకు ప్రతి మూలకానికీ 2+ అయాన్‌ను సరైన పద్ధతిలో, తప్పు పద్ధతిలో గడులు గీసి రాయండి. క్రోమియం, రాగిలో 4ఎస్‌లో ఒక్కటే ఉంటుందని మరవకండి. జతకూడనివి లెక్కపెట్టండి. ఇనుములాగే తప్పును దాచిపెట్టే మూలకం ఇంకొక్కటే ఉంది, అదేదో పట్టుకోండి.