రాజపాళయం కుక్కపిల్లను ఎలా ఎంచుకోవాలి? చెవుడు ఉంటే ఎలా పెంచాలి?

తమిళనాడులోని రాజపాళయం ఊళ్లో ఇప్పటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడే రాజు కులస్థులు ఉన్నారు. వాళ్లు తరతరాలుగా పెంచిన వేటకుక్కకు ఆ ఊరి పేరే వచ్చింది. 2005లో తపాలా శాఖ మన దేశపు నాలుగు కుక్క జాతులకు స్టాంపులు వేస్తే, అందులో ఇదొకటి. ఇంత అరుదైన కుక్కను చెవులు వినపడవని తెలిసి రోడ్డు మీద వదిలేసేవాళ్లున్నారు. కడుపు తరుక్కుపోతుంది.

1. రూపు చూడండి. ఒళ్లంతా పాల తెలుపు, గులాబీ ముక్కు, బంగారు రంగు కళ్లు, పొట్టి వెంట్రుకలు, లోతైన ఛాతీ. ఎదిగిన మగకుక్క సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పక్కటెముకలు లీలగా కనిపిస్తే బక్కచిక్కిందని కంగారు పడొద్దు, దీని ఒళ్లే అంత.

2. చెవులు పరీక్షించండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ కావాలి. తెల్ల కుక్కల్లో అవి చెవిదాకా చేరకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుంది. అందుకే ఆరు వారాలు నిండాక చూడాలి. తోబుట్టువుల మధ్య చూస్తే మోసపోతాం: మిగతావి లేస్తే చెవిటిదీ లేస్తుంది. పిల్లను ఒంటరిగా గదిలోకి తీసుకెళ్లండి. నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి, నీడ పడకుండా, తాళంచెవుల గుత్తి ఆడించండి. చెవి కదలకపోతే అనుమానించాల్సిందే. ఒక్క చెవే వినపడని పిల్ల ఈ పరీక్షలో దొరకదు. దానికి 'బేర్' పరీక్ష (శబ్దానికి మెదడు స్పందిస్తుందో లేదో యంత్రంతో చూసేది) ఒక్కటే దారి, పెద్ద వెటర్నరీ ఆస్పత్రుల్లో అడగండి.

3. తల్లిదండ్రులను చూపించమనండి. జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే కాగితం వంశం చెబుతుంది, వినికిడి సంగతి చెప్పదు. తల్లీతండ్రీ దగ్గరి రక్తసంబంధమైతే వద్దనండి.

4. చర్మం జాగ్రత్త. గజ్జి, పిడుదులు వారానికోసారి వెతకండి. మధ్యాహ్నం ఎండలో తిప్పితే గులాబీ ముక్కు కమిలిపోతుంది. టీకాలు, నట్టల మందు మామూలే.

5. చెవిటి కుక్కను ఇంటికి తెచ్చుకుంటే, ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, ఆ లోపం దాని పిల్లలకు పాకకూడదు. తర్వాత సైగలు నేర్పండి. "కూర్చో"కి ఒకే సైగ, ఇంట్లో అందరూ అదే వాడాలి. నిద్రలో ఉన్నప్పుడు ఒంటిమీద చెయ్యి వేయకండి, ఉలిక్కిపడి కరవొచ్చు. ముక్కు దగ్గర అరచెయ్యి పెడితే వాసనకు మెల్లగా లేస్తుంది. హారన్ వినపడదు కాబట్టి గేటు దాటితే బెల్టు ఉండాల్సిందే. చీకటి పడ్డాక పెరట్లోంచి పిలవాలంటే టార్చి రెండుసార్లు వెలిగించి ఆర్పండి. వచ్చిన ప్రతిసారీ ఓ ముక్క పెడితే వారం పదిరోజుల్లో వెలుగు చూడగానే పరుగెత్తుకొస్తుంది.