విశాఖ సముద్రపు అడుగున బతికే జీవాల్ని లెక్కపెట్టడం ఎలా

సముద్రం వేడెక్కుతోందని చెప్పడానికి థర్మామీటరు చాలు. ఆ వేడికి అడుగున బతికే పురుగులకీ, ఆల్చిప్పలకీ ఏమవుతోందో తెలియాలంటే మాత్రం బురద తీసి జల్లెడ పట్టాల్సిందే. మెరైన్ బయాలజీ ప్రాజెక్టు మొదలుపెడుతున్న పిల్లల కోసం విశాఖ తీరాన్నే తీసుకుని రాస్తున్నాను.

ముందు చోటు, నెల ఖాయం చేసుకోండి, పరికరాల సంగతి తర్వాత. మన తీరంలో మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి గాలికి పైనీళ్లు తీరం నుంచి పక్కకి జరిగి, లోపలి చల్లటి నీళ్లు పైకి ఉబుకుతాయి. ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ 1950ల్లోనే దీని గురించి రాశారు. ఆ నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. అదే అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ప్రవాహం తిరగబడి, ఉత్తరాన నదుల మంచినీళ్లు కలిసిన ఉప్పు తక్కువ నీరు తీరం వెంట కిందికి దిగుతుంది. ఒక ఏడాది ఏప్రిల్‌లో, మరో ఏడాది నవంబరులో బురద తీసి రెండూ పోల్చారంటే మీకు దొరికేది సీజన్ తేడా, వాతావరణ మార్పు కాదు. అందుకే ఏటా అదే నెల, అదే లోతు, జీపీఎస్‌లో అదే పాయింటు.

బురద తీయడానికి వాన్ వీన్ గ్రాబ్ వాడతారు. దవడల్లాంటి రెండు తొట్లు తెరుచుకుని దిగి, నేల తగిలాక తాడు లాగితే మూసుకుంటాయి. మామూలు సైజుది 0.1 చదరపు మీటరు, అంటే చదరపు అడుగు కంటే కాస్త ఎక్కువ. దవడల మధ్య రాయి ఇరుక్కుని నీళ్లు కారుతుంటే ఆ బురద పారబోసి మళ్లీ వేయండి, ఎంత అలసిపోయినా సరే, ఎందుకంటే పైపొర కారిపోతే జీవాల్లో ఎక్కువ భాగం దానితోనే పోతాయి. ఒక్కో పాయింటు దగ్గర కనీసం మూడుసార్లు తీయండి. అడుగున ఉన్న నీటి వేడి, ఉప్పు, ఆక్సిజన్ కూడా అప్పుడే కొలవాలి. ఆక్సిజన్ కొలవడానికి నీళ్లు పట్టే సీసాలో ఒక్క గాలి బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది.

తర్వాత అర మిల్లీమీటరు జల్లెడ. పైపు పెట్టి గట్టిగా కొట్టకండి, బకెట్ నీళ్లలో జల్లెడని మెల్లగా ఊపండి. పాలీకీట్ పురుగులు (ఒళ్లంతా కణుపులుండే సముద్రపు పురుగులు) తడి దారప్పోగుల్లా ఉంటాయి, ఊరికే తెగిపోతాయి. తెగిన ముక్కల్లో తల ఉన్నదాన్నే ఒకటిగా లెక్కపెట్టాలి, లేకపోతే ఒక పురుగు మూడవుతుంది.

జల్లెడలో మిగిలినదాన్ని సీసాలో ఫార్మలిన్‌లో (జీవాలు కుళ్లకుండా దాచే ద్రవం) పెట్టి, చిటికెడు రోజ్ బెంగాల్ రంగు కలపండి. జీవాలు గులాబీ రంగుకి తిరిగి బురదలో విడిగా కనిపిస్తాయి. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం, గ్లవ్స్ తప్పనిసరి. అందులో బోరాక్స్ కలపడం మరవకండి. అది లేకపోతే నిల్వ ఉన్న కొద్దీ ఫార్మలిన్ ఆమ్లంగా మారి చిన్న చిప్పల్ని కరిగించేస్తుంది. సముద్రం కూడా మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని అటువైపే జరుగుతోంది, పరిశ్రమల కాలం మొదలైనప్పటి నుంచి పైనీళ్ల పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి దిగింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, చిప్ప కట్టుకుని బతికే జీవికి అది చిన్న విషయం కాదు.

లేబుల్ పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల వేయండి. నేను మొదట్లో పెన్నుతో రాశాను, జీవాల్ని ఫార్మలిన్ నుంచి ఆల్కహాల్‌లోకి మార్చాక అక్షరాలన్నీ చెరిగిపోయి ఆరు సీసాలు ఏ చోటివో తెలియకుండా పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మైక్రోస్కోపు కింద విడదీసేటప్పుడు మొత్తం ఎన్ని అన్నదొక్కటే చూడకండి. ఆక్సిజన్ తగ్గిన చోట రొయ్య జాతివి, నత్తలు, ఆల్చిప్పలు తగ్గిపోయి, సన్నటి పురుగులు రెండు మూడు రకాలే గుంపులుగా మిగులుతాయి. మొత్తం సంఖ్య అంతే ఉండొచ్చు, రకాలు మాత్రం పడిపోతాయి. పాత రికార్డులు కూడా వెతకండి. వాల్తేరు బీచ్ ఇసుక రేణువుల మధ్య బతికే జీవాల మీద ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి వాళ్లు 1962లోనే పేపరు రాశారు. అవి బీచ్ ఇసుకలోని జీవాలు కాబట్టి మీ లెక్కలతో నేరుగా పోల్చలేకపోయినా, అంత పాతది దొరకడం అదృష్టం.

పేరు తేలని పురుగు కనిపిస్తే? డీఎన్‌ఏతో తేల్చుకుందామంటే ఫార్మలిన్‌లో అది పాడైపోతుంది, అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే పడవ మీదే అదనంగా ఒక గ్రాబ్ వేసి, దొరికినవాటిని నేరుగా 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఐస్ పెట్టెలో పెట్టుకోండి.