రొట్టెల పండక్కి ముందే మీ బుకింగ్ ఫారం ఒకసారి నింపి చూడండి

నెల్లూరులో లాడ్జి గానీ ట్రావెల్స్ గానీ నడుపుతూ వెబ్‌సైట్‌లో బుకింగ్ ఫారం పెట్టుకున్నవాళ్ళకి ఈ మాట. మొహర్రం వచ్చిందంటే బారాషహీద్ దర్గాకి, స్వర్ణాల చెరువుకి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఫారాలు రాత్రీ పగలూ పడుతూనే ఉంటాయి, ఆ హడావిడిలో రిపేరు పెట్టుకోలేం. పదిహేను రోజుల ముందే చూసుకోండి.

పోయినసారి మా బావ, వాళ్ళ లాడ్జికి బుకింగ్ ఫారం నుంచి వచ్చిన మెయిల్ ఒకటి నాకు పంపి "ఇదేందిరా, చదవడానికి రావట్లేదు" అన్నాడు. తెరిస్తే పేరు ఉండాల్సిన చోట శాతం గుర్తులూ అంకెలూ కలిసిన నాలుగు లైన్ల చెత్త, ఖాళీ ఉండాల్సిన చోటల్లా ప్లస్ గుర్తు. అది కనిగిరి నుంచి ఎవరో తెలుగులో టైపు చేసిన పేరు. రాత్రి పదకొండుకి పిల్లల్తో దిగారు, రూము లేదు. నాకు ఇప్పటికీ బాధే.

ఫారం పంపేటప్పుడు బ్రౌజరు అక్షరాలను మూటగట్టి పంపుతుంది. తెలుగులో ఒక్క 'న' యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లో రాసే పద్ధతి) మూడు బైట్లు, ఒక్కో బైటుకీ ఒక శాతం గుర్తు, రెండు అంకెలో అక్షరాలో, అంటే ఒక్క అక్షరానికే తొమ్మిది గుర్తులు. ఆ మూటను సర్వర్లో విప్పి, పేరు ఒక లైను, ఫోను ఒక లైను, తేదీ ఒక లైనుగా రాసి మెయిల్ పంపాలి. మీ సైటు చేసినతను విప్పకుండా ఉన్నదున్నట్టు కుక్కేసి ఉంటే ముందు అది సరిచేయించండి.

విప్పినా సరే, మెయిల్ హెడరులో, అంటే మెయిల్ పైన కనిపించకుండా ఉండే వివరాల్లో, యూటీఎఫ్-8 అని లేకపోతే తెలుగంతా పిచ్చి గీతల్లా వస్తుంది. మెయిల్ పంపడానికి పీహెచ్‌పీ మెయిలర్ అనే రెడీమేడ్ కోడు వాడుతుంటే మరీ జాగ్రత్త, అందులో డిఫాల్టుగా ఉండేది తెలుగు లేని ఐఎస్ఓ-8859-1 పద్ధతి, మనమే మార్చాలి.

తేదీ 06/07 అని రానివ్వకండి. జూలై ఆరో, జూన్ ఏడో అని కౌంటర్లో కుర్రాడు తికమక పడతాడు, నెల పేరు అక్షరాల్లో వచ్చేలా పెట్టించండి. టిక్కు పెట్టని బాక్సు అసలు మెయిల్లోకే రాదు కాబట్టి "ఏసీ: వద్దు" అని కోడులోనే రాయించాలి.

ఫ్రమ్ అడ్రసులో కస్టమరు మెయిల్ పెట్టొద్దు, స్పామ్‌లో పడుతుంది. అక్కడ మీ డొమైన్ అడ్రసే ఉండాలి, కస్టమరుది రిప్లై-టూలో, అంటే జవాబు వెళ్ళే అడ్రసు చోట. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు ఉన్నాయో లేదో కూడా సైటు చేసినతన్ని అడగండి. మెయిల్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ప్రతి ఫారం కాపీ డేటాబేసులో ఉంచుకోండి.

అన్నీ అయ్యాక ఒత్తులున్న తెలుగు పేరు, మూడు లైన్ల అడ్రసు ఫోన్లోనే కొట్టి పంపండి. వచ్చిన మెయిల్ రాత్రి డ్యూటీ అతని చేతికిచ్చి, ఎవరు, ఎంతమంది, ఎప్పుడు వస్తున్నారో చదివి చెప్పమనండి. అతను తడబడితే ఇంకా పని మిగిలినట్టే.