బాప్తిస్మము దగ్గర మాట పెరిగినప్పుడు: కుటుంబంలో సిద్ధాంత భేదాలను సంభాళించే పద్ధతి

కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలలో నలుగురు ఒకచోట కూర్చుంటే, ఆ నలుగురూ ఒకే సంఘానికి చెందినవారై ఉండడం నేడు అరుదు. లండన్ మిషన్ వారు పనిచేసిన జమ్మలమడుగు, గుత్తి పక్కల తాతగారు పసితనంలోనే చిలకరింపు బాప్తిస్మము పొంది సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం)లో పెరిగి ఉంటారు; కర్నూలు బాప్టిస్టు కుటుంబం నుంచి వచ్చిన కోడలు ఎదిగిన తరువాత నీళ్లలో మునిగి బాప్తిస్మము తీసుకొని ఉంటుంది; మనుమడు పెంతెకొస్తు కూడికలకు పోయి అన్యభాషలలో ప్రార్థిస్తాడు; వియ్యాలవారిలో రోమన్ కతోలికులూ ఉంటారు. సాధారణ దినాలలో ఎవరికీ పట్టని ఈ భేదం పెండ్లి కుదిరిననాడు, బిడ్డ పుట్టిననాడు, ఇంట్లో పెద్దవారు కన్నుమూసిననాడు ఒక్కసారిగా బయటపడుతుంది. కాబట్టి ఆ దినం రాకముందే కొన్ని పనులు చేసిపెట్టుకోవాలి.

మొదటి పని ఎదుటివారి బోధను వారి నోటనే వినడం. చిలకరింపు పొందినవారు పసిబిడ్డకు నీళ్లు తగిలితే చాలు, రక్షణ వచ్చేసిందంటారని ముంచేవారిలో ఒక అపోహ ఉంది. వారిని అడిగి చూడండి. పాత నిబంధనలో ఎనిమిదవ దినపు సున్నతిని, ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివారందరితో బాప్తిస్మము పొందిన సంగతిని (అపొ. కార్యములు 16) ఆధారంగా చూపి, బిడ్డ ఎదిగిన తరువాత తన నోటితో విశ్వాసాన్ని ఒప్పుకోవలసిందేనని, అందుకే నిర్ధారణ ఆరాధన ఉన్నదని చెబుతారు. అలాగే ముంచేవారు నీళ్లను పూజిస్తారనుకోవడమూ తప్పే. ముందు విశ్వాసము, ఆ తరువాతే బాప్తిస్మము అన్న క్రమాన్ని, రోమా 6లో క్రీస్తుతో పాతిపెట్టబడడమన్న అర్థాన్ని వారు గట్టిగా పట్టుకొంటారు. విన్న తరువాత “మీరు చెప్పేది ఇదే కదా” అని తిరిగి వారికే వినిపించాలి. “అవును, అదే” అని వారు ఒప్పుకొనేదాకా జవాబు మొదలుపెట్టకూడదు. చెప్పడానికి తేలికే గానీ, నా అనుభవంలో దీన్ని మించిన కష్టమైన మెట్టు లేదు.

తరువాత విషయపు బరువును తూచాలి. త్రిత్వము, క్రీస్తు దైవత్వము, ఆయన మరణ పునరుత్థానములు ఒక వరుసలోవి. తాళి, నగలు, ముసుగు, శ్రమల కాలపు ఉపవాసము, క్రిస్మస్ నక్షత్రము వంటివి, ఆహారాన్నీ దినాలనూ గురించి రోమా 14లో పౌలు చెప్పిన వరుసలో పెట్టదగినవి. అక్కడ ఎవరి మనస్సాక్షిని వారికి వదలాలి. బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము ఈ రెంటికీ నడుమ ఉంటాయి, అందుకే వాటి దగ్గర ఎక్కువ మాట పెరుగుతుంది. అన్నీ ఒకటేలే అని కొట్టిపారేయడాన్ని నేను ప్రేమగా ఎంచను. భోజనపు బల్ల దగ్గర యూదులు కాని విశ్వాసులను వేరుచేసినప్పుడు సువార్తకే దెబ్బ తగులుతుందని గ్రహించి, పేతురును అందరియెదుట నిలదీసినవాడూ ఆ పౌలే (గలతీ 2).

మాట్లాడే చోటును కూడా ఎంచుకోవాలి. అపొల్లో యోహాను బాప్తిస్మమును మాత్రమే ఎరిగి సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తుండగా, అకుల ప్రిస్కిల్లలు అతనిని అక్కడే ఆపి సరిదిద్దలేదు, చేర్చుకొని, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచారు (అపొ. కార్యములు 18). మైకు ముందు, వాట్సాప్ గ్రూపులో ఇది జరిగే పని కాదు. నేనొకప్పుడు మా పెదనాన్న కొడుకుకు కుటుంబపు గ్రూపులో వరుసగా వచనాలు పెట్టి జవాబిచ్చాను. ఆయన గ్రూపు విడిచి, మా ఇంటి గడప తొక్కడమే మానేశాడు. చివరకు నేనే వాళ్లింటికి పోయి సంగటి తిని కూర్చున్నాక, “ఆ పొద్దు నువ్వు రాసిన దాంట్లో సగం నిజమే గానీ, అందరి ముందర రాస్తివి కదా తమ్ముడూ” అన్నాడు.

ఇక వేర్వేరు సంఘాల దంపతులకు బిడ్డ పుట్టబోయేటప్పుడు, కాన్పుకు ముందే రెండు వైపుల పెద్దలూ కూర్చోవాలి. పసితనంలోనే బాప్తిస్మము ఇప్పించడమా, బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన చేయించి బిడ్డ ఎదిగేదాకా ఆగడమా అన్నది తేల్చుకోవాలి. ఒక సంగతి దాచకూడదు: బాప్తిస్మము ఒక్కసారే అన్నది సి.ఎస్.ఐ. నియమము, కనుక అక్కడ పసితనంలో పొందినవాడు తరువాత మళ్లీ మునిగితే ఆ సంఘం దానిని ఆమోదించదు. ఇది ముందే తెలిస్తే తరువాత మోసపోయామన్న మాట రాదు. తుది నిర్ణయం తల్లిదండ్రులది. అవ్వ కన్నీళ్లతో దాన్ని తిప్పకూడదు.

మరొక సంఘపు ఆరాధనకు పోయినప్పుడు ప్రభురాత్రి భోజనపు బల్లలో పాల్గొనవచ్చునో లేదో కాపరిని ముందుగానే అడగాలి. కతోలికులు సాధారణంగా ఇతరులకు దివ్యసత్ప్రసాదం (ప్రభురాత్రి భోజనానికి వారి పేరు) ఇవ్వరు. దానిని అవమానంగా తీసుకోనక్కరలేదు.

ఒక్కసారి కూర్చుంటే తేలలేదని నిరాశపడేవారికి మన ప్రాంతపు చరిత్రే జవాబు. దక్షిణ భారత సంఘాల ఐక్యత కోసం 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన సంభాషణలు 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. ఏర్పడేదాకా ఫలించలేదు. వాటికి పూనుకొన్న దోర్నకల్ బిషప్ అజరయ్య 1945లోనే కన్నుమూశారు. ఏ సంఘానికీ దాని మనస్సాక్షికి విరుద్ధమైన పరిచర్యను అంటగట్టబోమని అప్పుడు మాట ఇచ్చుకొన్నారు. అయినా నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు (ఇంగ్లండు సంఘపు సంప్రదాయంవారు) పెక్కుమంది దూరంగానే ఉండి, 1970 దశకంలో గానీ చేరలేదు. వారిని ఎవరూ తోయలేదనను. కానీ తలుపు మూయలేదు.

మాట ఎంతకీ కుదరక ఎవరైనా వేరే సంఘానికి మారదలచుకొంటే, చెప్పకుండా మాయమవకుండా కాపరి ఇంటికి పోయి తన నోటితోనే చెప్పి రావాలి. పౌలు బర్నబాలు తోటి పనివాడైన మార్కు విషయంలో వేరైపోయినా, ఆ మార్కునే వెంటబెట్టుకొని రమ్మని పౌలు తిమోతికి రాశాడు. మారినవారిని ఇంట్లో పెండ్లికీ చావుకూ పిలుస్తూనే ఉండాలి. పెద్దవారు బతికి ఉండగానే, తమ భూస్థాపన ఏ కాపరి నడిపించాలో, రెండవ సంఘపు కాపరి ఏ ప్రార్థన చేయాలో వారిచేతనే చెప్పించి రాసి పెట్టుకొంటే, ఆ పొద్దు సమాధుల తోటలో ఎవరూ ఎవరితోనూ వాదించనక్కరలేదు.